మీ ఫాంటసీ రచయిత ఏ సంగీతం?

కంచుకోట_కాపలా (బెజవాడ)
శుక్రవారం, రాత్రి 10:12

నిన్న రాత్రి కరెంటు పోయింది. ఫోన్ లైటు పెట్టుకుని ‘రాకాసిలోయ’ మళ్లీ మొదలుపెట్టాను. మా ఆవిడ అటు తిరిగి పడుకుంటూ, "నలభై ఏడేళ్లొచ్చాయి, ఇంకా ఆ బ్రహ్మదండి మాంత్రికుడేనా" అంది. సమాధానం చెప్పకుండా చదువుతూనే ఉన్నా గానీ, నాలుగు పేజీలయ్యాక నా కాలు మంచం పట్టె మీద దరువేస్తోందని గమనించాను. ఏం దరువు అది అని ఆలోచిస్తే తప్పెటగుళ్లు!

చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, బొబ్బిలి దగ్గర, చూసేవాణ్ణి. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని రెండు చేతులతో వాయిస్తూ గెంతుతుంటారు. ఊపిరి ఎప్పుడు పీలుస్తారో తెలీదు. ‘రాకాసిలోయ’ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి వచనం కూడా అంతే. వర్ణన అని ఆగడు, నీతి అని ఆగడు. లోయలోకి దిగారు, ఏదో గర్జించింది, బాణం వదిలారు, ‘ఇంకా ఉంది’. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి డెబ్భైల దాకా చందమామలో నెలనెలా అదే ఊపు. పేరు మాత్రం ఎక్కడా వేసేవాళ్లు కాదు.

సరే, నా ప్రశ్న. మీకిష్టమైన ఫాంటసీ రచయిత ఎవరు, సంగీతమైతే ఏ సంగీతం? తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ, ఏదైనా పర్లేదు. ఒకటే షరతు. ‘హాయిగా ఉంటుంది’, ‘గూస్‌బంప్స్’ అని వదిలేసి పోకండి. ఎందుకలా అనిపించిందో చెప్పాలి.

డ్రాగన్‌దొర (కొండాపూర్)
శుక్రవారం, రాత్రి 10:31

బ్రాండన్ శాండర్సన్. ఇంటర్వెల్ ముందు బ్యాక్‌గ్రౌండ్ స్కోర్. గూస్‌బంప్స్. గుడ్ నైట్.

కంచుకోట_కాపలా
శుక్రవారం, రాత్రి 10:33

షరతు చదివావా నాయనా?

డ్రాగన్‌దొర
శుక్రవారం, రాత్రి 10:50

సారీ అన్నా, రేపు పొద్దున్నే ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, అందుకే షార్ట్‌కట్.

సరే, వివరంగా. ‘మిస్ట్‌బార్న్’లో లోహాలు మింగితే శక్తులొస్తాయి. ఏ లోహానికి ఏ శక్తో ముందే చెప్పేస్తాడు, ఇనుముకి ఇది, తగరానికి ఇది అని. దాచింది చాలా తక్కువ. అయినా చివరి వంద పేజీల్లో మనకి తెలిసిన వాటితోనే తల తిరిగేలా చేస్తాడు. సినిమాలో కూడా ఫస్టాఫ్‌లో ఒక చిన్న బిట్ ఫ్లూట్ మీద వినిపించి, ఇంటర్వెల్‌కి అదే బిట్‌ని వంద వయొలిన్లతో కొడతారు కదా. అదీ నా పాయింటు.

తనియావర్తనం (డల్లాస్)
శుక్రవారం, రాత్రి 11:58

డ్రాగన్‌దొర తమ్ముడూ, రచయిత సరిగ్గా దొరికాడు, వాయిద్యం తప్పింది. శాండర్సన్ అచ్చంగా మృదంగం తని, అంటే కచేరీలో పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే ఘట్టం.

నేను ముప్పై ఎనిమిదో ఏట మృదంగం మొదలుపెట్టినవాణ్ణి. ఎంత ఆలస్యమంటే, నా గురువుగారు నాకంటే పదకొండేళ్లు చిన్న. ఎడమ వైపు తొప్పికి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అంటించుకుని కూర్చుంటాను. మొదటి రోజు మా చిన్నది అది ఉప్మా అనుకుని వేలు పెట్టి నాకింది కూడా. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, శాండర్సన్ నాకు ఆ పీట మీద కూర్చున్నాకే అర్థమయ్యాడు.

తనిలో దాపరికం ఏమీ ఉండదు. తాళం అందరికీ తెలుసు. ఆదితాళమైతే ఎనిమిది అక్షరాలు, ముందు వరుసలో మామ్మలు కూడా తొడ మీద వేస్తూనే ఉంటారు. నెమ్మదిగా మొదలై, నడక మారి, దట్టమై, ఫరన్‌లు (వేగంగా దొర్లే దరువులు) అయ్యాక మోహరా వస్తుంది. అది వచ్చిందంటే అయిపోవస్తోందని కూచున్నవాళ్లందరికీ సూచన. ఆ తర్వాత ముక్తాయింపు, అంటే ముగింపు దరువు, మూడుసార్లు. లెక్క తెలిసినవాడు కూడా, ఎక్కడ పడుతుందో ముందే తెలిసినా, అది సరిగ్గా పాట ఎత్తుగడ మీద వచ్చి పడగానే ‘ఆహా’ అంటాడు. తెలియనిది జరిగిందని కాదు, తెలిసినదే తప్పకుండా వచ్చి పడిందని.

శాండర్సన్ తనే ఒక సూత్రం చెప్పుకున్నాడు. మాయ ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ఎంత బాగా అర్థమైతే, ఆ మాయతో చిక్కుముడి విప్పే హక్కు రచయితకి అంత ఉంటుందని. మా గురువుగారు ‘తాళం చూపించకుండా కష్టమైన ముక్తాయి వాయిస్తే అది మోసం’ అంటాడు. రెండూ ఒకటే మాట.

బలహీనత కూడా అదే. లెక్క కుదిరిన ఆనందం తర్వాత రాగం గుర్తుండదు. ఆయన వాక్యం ఒక్కటైనా నాకు నోటికి రాదు.

డ్రాగన్‌దొర
శనివారం, ఉదయం 7:05

అన్నా, చివరి రెండు లైన్లు మాత్రం ఒప్పుకోను. మిగతాదంతా ప్రింట్ తీసి గోడకి అంటిస్తా.

మధ్యమావతి (విజయనగరం)
శనివారం, ఉదయం 9:20

తనియావర్తనం గారి పోస్టు చదివాక నాకూ రాయాలనిపించింది. పాఠాలు చెప్పుకునే టీచర్‌ని, ఫాంటసీ మా అబ్బాయి అలవాటు చేశాడు.

మన పెద్దవాళ్లు త్యాగరాజుది ద్రాక్షాపాకం, శ్యామశాస్త్రిది కదళీపాకం, దీక్షితర్‌ది నారికేళపాకం అంటారు కదా. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ నారికేళం. పీచు తీయాలి, టెంక కొట్టాలి. అప్పుడు గానీ నీళ్లు లేవు.

ముత్తుస్వామి దీక్షితర్ కృతి తీసుకోండి. విలంబకాలం, అంటే నెమ్మది నడక. ఏ క్షేత్రం, ఏ దేవత, అక్కడి తీర్థమేదో సాహిత్యంలోనే పొదుగుతారు. రాగం పేరు కూడా ఎక్కడో ఒక పదంలో కలిపేస్తారు. టోల్కీన్ కూడా ఒక కొండ వస్తే దానికి ఎల్ఫ్‌ల భాషలో ఒక పేరు, మరుగుజ్జుల భాషలో ఇంకో పేరు పెట్టి, ఆ కొండ మీద ఎవరెప్పుడు చచ్చిపోయారో ఒక పాట కడతాడు. తొందరపడేవాళ్లకి విసుగు. నేను మొదటిసారి మూడు నెలలు వదిలేశాను.

కానీ నన్ను పడేసింది ‘సిల్మరిలియన్’ మొదటి అధ్యాయం. ఆయన పోయాక 1977లో వచ్చిన పుస్తకం అది. అందులో లోకం పుట్టేది పాటలోంచి. ఇలువతార్ అనే పరమాత్మ ఒక స్వరం ఇస్తాడు, ఐనూర్‌లు దాన్ని అందుకుని పాడతారు. అందులో మెల్కోర్ అనేవాడు తన గొప్ప కోసం అపస్వరం కలుపుతాడు. పరమాత్మ కచేరీ ఆపేయడు. చెయ్యెత్తి ఇంకో ఇతివృత్తం అందుకుంటాడు, మళ్లీ గోల, మళ్లీ మూడోది. చివరికి ఆ అపస్వరం కూడా ఆ పెద్ద పాటలో భాగమైపోతుంది. ఆ పాటే తర్వాత భూమి, సముద్రం అవుతుంది. నాదబ్రహ్మం అనే మాట వింటూ పెరిగినవాళ్లకి ఇది పరాయి కథలా అనిపించదు.

ఇక్కడ మాకు పాఠంలో వచ్చే విషయం ఒకటుంది. 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, 40 వివాది మేళాలే. అంటే పక్కపక్కన రాకూడని స్వరాలు పక్కపక్కన కూర్చుంటాయి. పిల్లలు పాడితే పంటి కింద రాయిలా ఉంటుంది. చెయ్యి తిరిగినవాళ్లు పాడితే ఆ రాయే రత్నం. మెల్కోర్ వివాది స్వరం అని మా అబ్బాయికి చెప్తే, ‘అమ్మా, ఈ మాట నెట్‌లో పెట్టు’ అన్నాడు. పెట్టాను.

ఒగ్గుడోలు (సిద్దిపేట)
శనివారం, ఉదయం 11:47

నమస్తే అందరికి. మంచిగ రాస్తున్నరు. కానీ ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. ప్రతిదానికి కచేరీయేనా? కథ చెప్పుడు, పాట పాడుడు ఒక్కతాన ఉన్న కళలు మనకు ఇన్ని ఉన్నయి కదా, గవన్నీ ఇడిచిపెట్టి త్యాగరాజు, దీక్షితర్ అనుకుంట కూసుంటిరి. కాపలా అన్న ఒక్కడే తప్పెటగుళ్లు అన్నడు, ఆయనకు దండం.

నా రచయిత ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రాసిన జార్జ్ మార్టిన్. ఆయనది ఒగ్గుకథ.

కొమురవెల్లి మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పే ఒగ్గోళ్లను చూసిన్రా? డోలు, నఫీర, తాళాలు మోగుతుంటయి. కథ చెప్పేటాయన ఒక్కడే. కాని భుజం మీది కండువ తీసి నెత్తి మీద కొంగు లెక్క ఏసుకుంటె ఆడిమనిషి. అదే కండువ నడుముకు బిగిస్తె సిపాయి. ఇప్పుడే అత్త లెక్క కోడల్ని తిట్టిండు, గిర్రున తిరిగి కోడలై ఏడ్చిండు. ఇద్దరి దిక్కు న్యాయం ఉన్నట్టే అనిపిస్తది.

మార్టిన్ పుస్తకంల ప్రతి అధ్యాయానికి ఒక మనిషి పేరు ఉంటది. ఆ మనిషి కండ్లల్లకెళ్లే చూడాలె. ఎవని మీదనైతే ఇంతకుముందు పండ్లు కొరికినమో, రెండు పుస్తకాలు అయినంక వాని పేరు మీద అధ్యాయం వస్తది. గంతే, వానికి సుత బాధ ఉన్నదని తెలుస్తది. కండువ మార్చుడే అది.

ఒక్క తేడ ఉన్నది. మాతాన తెల్లారేసరికి కథ ఒడవాలె. లేకుంటె మల్లన్న ఊకోడు. మార్టిన్‌ది అయిదో పుస్తకం 2011ల వచ్చింది, ఆరోది ఇంక రాలే. తెల్లారింది, పొద్దెక్కింది, మాపటికి గొర్లు సుత మళ్లొచ్చినయి.

మధ్యమావతి
శనివారం, మధ్యాహ్నం 12:15

మీరన్నది నిజమే తమ్ముడూ. నాకు చేతనైన కొలతతో కొలిచాను, అంతే. కండువా సంగతి చదివి మా పిల్లలకి క్లాసులో చెప్పాను ఇప్పుడే.

డ్రాగన్‌దొర
శనివారం, మధ్యాహ్నం 12:40

"గొర్లు సుత మళ్లొచ్చినయి" 😂😂

ఆ లెక్కన పాట్రిక్ రాత్‌ఫస్ ఏంటి మరి? 2007లో పల్లవి పాడాడు, 2011లో అనుపల్లవి పాడాడు. చరణం కోసం అందరం నోరు తెరుచుకుని కూర్చున్నాం. వయొలిన్ ఆయన కూడా విల్లు పైకెత్తి అలాగే ఉన్నాడు.

తనియావర్తనం
శనివారం, మధ్యాహ్నం 1:02

అదే మనిషి సంగీతం గురించి రాసిన సీన్ మాత్రం ఫాంటసీ మొత్తంలో నాకిష్టమైనది. ఆయన హీరో క్వోత్ వేదిక మీద ల్యూట్ (వీణలాంటి తీగల వాయిద్యం) వాయిస్తుంటే తీగ తెగుతుంది. ఆపడు, మిగిలిన వాటి మీదే పాట పూర్తి చేస్తాడు. నాకు ఒకసారి దసరా ప్రోగ్రాంలో వాయిస్తుండగా కుడి మూత చీలింది. నేనైతే మైకు ముందు నుంచి లేచి బాత్రూంలోకి వెళ్లి కూర్చున్నాను.

అఫ్జల్‌గంజ్_వాలా (హైదరాబాద్)
శనివారం, సాయంత్రం 5:30

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఏరుకునే బ్యాచ్‌లో ఒకణ్ణి నేను. ఇక్కడి లిస్టులో లేని పుస్తకం ఒకటి చెప్తా: ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’.

1883 నుంచి లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్‌వాళ్లు అచ్చు వేశారు. ముహమ్మద్ హుసేన్ జాహ్ మొదలుపెట్టాడు, అహ్మద్ హుసేన్ ఖమర్ అందుకున్నాడు. అమీర్ హమ్జా దాస్తాన్‌లో, అంటే పెద్ద సాగే కథలో, భాగం అది. అందులో అమర్ అయ్యార్ అనే మాయగాడికి ఒక సంచి ఉంటుంది, జంబీల్ అని. అందులో ఏం పట్టదో చెప్పలేం, ఊళ్లకి ఊళ్లే పడతాయి. మా ఇంట్లో దాదీ మందుల డబ్బాకి ఆ పేరే పెట్టాం.

ఇది ఖవ్వాలీ, ఇంకో మాట లేదు. ఖవ్వాల్ ఒక మిస్రా (కవితలో ఒక పాదం) పట్టుకుంటే పది నిమిషాలు వదలడు. చప్పట్లు పెరుగుతాయి, మధ్యలో ఇంకెవరిదో షేర్ (రెండు పాదాల పద్యం) తెచ్చి గిరహ్ కడతాడు, అంటే ముడివేస్తాడు, మళ్లీ అదే మిస్రా మీదికొస్తాడు. విన్న మాటే, ప్రతిసారీ కొత్త మాట. దాస్తాన్‌గోలది, అంటే కథ చెప్పేవాళ్లది, కూడా అదే పని. ‘దాస్తాన్ రోక్‌నా’ అని ఒక విద్యే ఉంది. కథని ముందుకు పోనివ్వకుండా ఆపడం. యుద్ధం మొదలవ్వబోతుంది, కత్తి ఒరలోంచి సగం వచ్చింది, అక్కడ ఆపి కత్తి పిడి మీద నగిషీ గురించి, దాన్ని చేసినవాడి గురించి, వాడి ఊరి గురించి... వినేవాళ్లు లేచిపోకూడదు. ఆపడం ఎవడైనా ఆపుతాడు, కూర్చోబెట్టడంలో ఉంది కమాల్.

డ్రాగన్‌దొర, నీ రాత్‌ఫస్ భాయ్ దాస్తాన్ ఆపాడు గానీ మనుషుల్ని కూర్చోబెట్టలేకపోయాడు. అదీ ఫరఖ్.

కంచుకోట_కాపలా
శనివారం, సాయంత్రం 6:10

ఈ మాట మీద ఆగాను. నెలకోసారి వచ్చే చందమామలో దాసరి గారు చేసింది కూడా అదే కదా! హీరో కొమ్మ పట్టుకుని వేలాడుతుంటే, కింద మొసలి నోరు తెరిచి ఉంటే, మనం ముప్పై రోజులు ఆగేవాళ్లం. ఆ నెలలో కొమ్మ విరిగిందా లేదా అని స్కూల్లో పందేలు. పైగా ఆ మొసలికి చిత్ర గారు వేసిన బొమ్మ. ఆయన గీసిన పళ్లు లెక్కపెడుతూ కూర్చునేవాళ్లం. సాహిత్యం ఒకరిది, స్వరం ఒకరిది అన్నమాట.

తనియావర్తనం
శనివారం, సాయంత్రం 6:45

కాపలా అన్నా, అయితే నీ ప్రశ్న కొంచెం మార్చాల్సి వస్తుందేమో. ఇందాకటి నుంచి అందరం చెప్తోంది సంగీతం ‘ఎలా ఉంటుంది’ అని కాదు. మనల్ని ఎలా ఆపుతుంది, ఎక్కడ తిరిగొచ్చి అందుకుంటుంది అనే. శాండర్సన్ లెక్క చెప్పి ఆపుతాడు, మార్టిన్ మనిషిని మార్చి ఆపుతాడు, హోష్‌రుబాలో నగిషీ చూపించి ఆపుతారు.

రాబర్ట్ జోర్డాన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ‘వీల్ ఆఫ్ టైమ్’ 14 పుస్తకాలు, రాగం-తానం-పల్లవి. రాగాలాపన మరీ ఎక్కువైంది, నడిమి సంపుటాల దగ్గర నేను లేచి కాఫీ తాగొచ్చాను, వచ్చేసరికి ఇంకా అదే స్వరం మీద ఉన్నాడు. 2007లో ఆయన పోయాడు. ఆయన భార్య హారియట్టే ఆయన పుస్తకాలకి ఎడిటర్. ఆవిడే శాండర్సన్‌ని పిలిచి నోట్సు చేతిలో పెట్టింది. చివరి మూడూ అతను రాసి 2013లో ముగించాడు. ఒక విద్వాంసుడు సగంలో వదిలిన పల్లవిని వేరే బాణీవాడు అందుకుని సమం (తాళం మొదటి దెబ్బ) మీదికి తెచ్చి దించడం నేను ఏ కచేరీలోనూ వినలేదు. ఇక్కడ చదివాను.

సముద్రపుగాలి (విశాఖ)
శనివారం, రాత్రి 9:14

అందరూ వెయ్యి పేజీల వాళ్ల గురించే మాట్లాడుతున్నారు, నేను రెండువందల పేజీల ఆవిడ గురించి చెప్తాను. ఉర్సులా లె గ్విన్. ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’, 1968.

నావ, గాలి, ఒక కుర్రాడు, వాడి వెంటపడే నీడ. అంతే. మాయ అంటే వస్తువు అసలు పేరు తెలుసుకోవడం. యుద్ధాల్లేవు, సైన్యాల్లేవు. మొదటిసారి చదివినప్పుడు ఇంతేనా అనిపించింది. వారం తర్వాత ఆర్కే బీచ్‌లో నడుస్తుంటే వెనక్కి తిరిగి నా నీడ చూసుకున్నాను.

బాలమురళీకృష్ణ గారు లవంగి అని ఒక రాగం కల్పించారు కదా, నాలుగే స్వరాలు. ఏడు ఉన్నచోట నాలుగుతో ఏం పాడతారు అనుకుంటాం. విన్నాక, మిగతా మూడూ వాడకపోవడం వల్లే ఈ నాలుగూ ఇంత స్పష్టంగా ఉన్నాయనిపిస్తుంది. లె గ్విన్ వాక్యంలో నాకు ఆ ఖాళీ వినిపిస్తుంది. ఏ మాట తీసేసిందో కూడా తెలుస్తుంది.

ఆవిడకి సంగీతం పిచ్చి కూడా ఉంది. 1985లో ‘ఆల్వేస్ కమింగ్ హోమ్’ అని రాసి, అందులో లేని జాతికి లేని పాటలు టాడ్ బార్టన్ అనే సంగీతకారుడితో కలిసి కట్టి, పుస్తకంతో పాటు క్యాసెట్ కూడా తెచ్చింది.

మధ్యమావతి
శనివారం, రాత్రి 9:40

లవంగి! ఎంత బాగా పట్టుకున్నావమ్మా.

నాయనమ్మపెట్టె (కాకినాడ)
శనివారం, రాత్రి 10:22

చాలా రోజుల్నించి చదివిపోతున్నా, ఇదే మొదటి పోస్టు.

ఎన్.కె. జెమిసిన్. ‘బ్రోకెన్ ఎర్త్’ మూడు పుస్తకాలకీ 2016, 17, 18 వరసగా మూడేళ్లూ హ్యూగో అవార్డు వచ్చింది. మొదటి పుస్తకంలో ప్రధాన పాత్ర కథ ‘నువ్వు’ అని నడుస్తుంది. నువ్వు లేచావు, నీ కొడుకు చనిపోయాడు, నువ్వు తలుపేసుకుని కూర్చున్నావు, అని. ఎవరు చెప్తున్నారో తర్వాతెప్పటికో గానీ తెలీదు.

నాకు ఇది చదువుతుంటే మా వీధిలోకి వచ్చే సోదమ్మ గుర్తొచ్చింది. ‘సోది చెబుతానమ్మా సోది’ అని గుమ్మంలో కూర్చుని, నాయనమ్మ చెయ్యి పట్టుకుని, చేతి కర్రతో గీతలు తాకుతూ, సాగదీసిన ఒకే రాగంలో ‘నీ మనసులో ఒకటనుకున్నావు తల్లీ, అది జరగలేదు తల్లీ’ అనేది. మా నాయనమ్మ ఎవరికీ భయపడని మనిషి, ఆవిడ ముందు మాత్రం బిగుసుకుపోయేది. మన కథ మనకే ‘నువ్వు’ అని చెప్తుంటే తప్పించుకోడానికి లేదు. చిన్నప్పుడు పోయిన మా బాబాయి సంగతి కూడా ఆవిడ అలాగే ఎత్తింది. నాయనమ్మ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. చేటలో బియ్యం తెమ్మంది నన్ను.

జెమిసిన్ సోదిరాగం. నాకంతకంటే చెప్పడం రాదు.

ఒగ్గుడోలు
శనివారం, రాత్రి 10:50

అక్కా, మస్తు చెప్పినవ్. మొదటి పోస్టే గిట్ల ఉంటె ఎట్ల?

పక్షిరాజు (నెల్లూరు)
ఆదివారం, ఉదయం 8:03

ఇంత గంభీరంగా ఉన్న చోట నవ్వు తేవడం పాపం గానీ, టెర్రీ ప్రాచెట్‌ని ఎవరూ ఎత్తకపోతే ఎలా?

‘డిస్క్‌వరల్డ్’ 41 నవలలు. లోకం పళ్లెంలా ఉంటుంది, దాన్ని నాలుగు ఏనుగులు మోస్తాయి, వాటిని ఒక తాబేలు మోస్తుంది. మన అష్టదిగ్గజాల్లో నలుగుర్ని ఉద్యోగంలోంచి తీసేసి, ఆదికూర్మాన్ని మాత్రం ఉంచుకున్నాడు.

ప్రాచెట్ హరికథ. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిరతలు, సీతాకల్యాణం రంజుగా నడుస్తుంటే టక్కున ఆపి, ‘ఇలాంటివాడే మా ఊళ్లో ఒకడున్నాడు నాయనా’ అని పిట్టకథ ఎత్తుకుంటాడు హరిదాసు. ప్రాచెట్ ఫుట్‌నోట్లు ఆ పిట్టకథలే. ఒక్కోసారి ఫుట్‌నోటుకి ఫుట్‌నోటు ఉంటుంది. జనం నవ్వి తేరుకునేలోపు కథలోకి వచ్చేస్తాడు, ఆ వచ్చేటప్పుడు గుండెలో ఒక ముల్లు గుచ్చి మరీ వస్తాడు. మధ్యమావతి గారి ఊరే కదా ఆదిభట్ల నారాయణదాసు గారిది, ఆవిడకి ఈ పోలిక నచ్చుతుందని నా నమ్మకం.

ఇప్పుడు నా అసలు సమస్య. సరదాకి ఒక అధ్యాయం తెలుగు చేద్దామని కూర్చున్నా. అందులో మృత్యువు ఒక పాత్ర. మాట్లాడిన ప్రతిమాటా ఇంగ్లీషులో పెద్దక్షరాల్లో ఉంటుంది, కొటేషన్ గుర్తులు కూడా ఉండవు. తెలుగులో పెద్దక్షరాలే లేవు! ఏం చెయ్యాలి?

డ్రాగన్‌దొర
ఆదివారం, ఉదయం 9:30

బోల్డ్ పెట్టేయ్ బ్రో.

పక్షిరాజు
ఆదివారం, ఉదయం 9:34

చూశా. పెళ్లి శుభలేఖలా ఉంది.

పాతపెట్టె_మాష్టారు (రాజమండ్రి)
ఆదివారం, ఉదయం 10:15

గ్రాంథికంలో మాట్లాడించండి. మిగతావాళ్లందరూ వాడుకభాషలో ‘ఎవరు నువ్వు?’ అంటే, ఆయన ‘నిన్ను గొనిపోవ వచ్చితిని’ అనాలి. మన నాటకాల్లో, సినిమాల్లో యముడు అలా మాట్లాడగానే జనానికి ఒకేసారి భయమూ నవ్వూ వస్తాయి. మీ ప్రాచెట్‌కి కావలసింది కూడా ఆ రెండే కదా.

పక్షిరాజు
ఆదివారం, ఉదయం 10:19

మాష్టారూ, మీ కాళ్లు ఎక్కడున్నాయి?

పాతపెట్టె_మాష్టారు
ఆదివారం, ఉదయం 11:40

మోకాళ్ల నొప్పులతో మంచం మీదున్నాయి నాయనా.

రిటైరైన తెలుగు లెక్చరర్‌ని. మీరందరూ చెప్పిన ఇంగ్లీషు పుస్తకాల్లో టోల్కీన్ ఒక్కటే చదివాను. అయితే మీ చర్చ మొత్తం చదివాక ఒకటి అడగాలనిపించింది. సంగీతంతో పోల్చడం సరే. సంగీతమే ఇరుసుగా తిరిగే ఫాంటసీ తెలుగులో 16వ శతాబ్దంలోనే ఉంది, ఎవరికీ గుర్తు రాలేదా?

పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’. ఎనిమిది ఆశ్వాసాలు. ద్వారకలో కలభాషిణి అనే అమ్మాయి ఉయ్యాలూగుతుంటే ఆకాశంలో రంభ, నలకూబరుడు విమానంలో పోతుంటారు. అక్కడ మొదలు. అక్కడే ఉన్న నారదుడికి ఒక కడుపుమంట ఉంది. తుంబురుడు తనకంటే బాగా పాడతాడు. త్రిలోక సంచారి, దేవర్షి, అయినా ఆ ఒక్క అసూయ పోలేదు. అందుకని కృష్ణుడి దగ్గర చేరి, ఆయన భార్యలు జాంబవతి, సత్యభామ, రుక్మిణి, ఒకరి తర్వాత ఒకరి దగ్గర పాఠం చెప్పించుకుంటాడు. డల్లాస్ అబ్బాయికి ఈ ముక్క నచ్చాలి. నీ గురువు నీకంటే పదకొండేళ్లే చిన్న. నారదుడి వయసూ, ఆయన పాఠానికి కూర్చున్న చోటూ తలుచుకో.

కథ వరసగా ఉండదు. ముందు జరిగింది వెనక చెప్తాడు, ఒకరి కథలో ఇంకొకరి కథ, అందులో మరొకరు. ఎక్కడో మొదట్లో విన్న ఒక పేరు నాలుగైదు ఆశ్వాసాల తర్వాత తిరిగొచ్చేసరికి దానికి వేరే అర్థం ఉంటుంది. డ్రాగన్‌దొర చెప్పిన ఫ్లూటు బిట్టు, వంద వయొలిన్లు, ఇక్కడ పద్యాల్లో వినొచ్చు.

ఇంకోటి. విశ్వనాథ వారు ‘హాహాహూహూ’ అని చిన్న నవల రాశారు. గుర్రం ముఖమున్న ఒక గంధర్వుడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చి పడతాడు. హాహా, హూహూ అనేవి దేవలోకపు గాయకుల పేర్లు. ఇంగ్లీషువాళ్లు ఆ గంధర్వుణ్ణి బోనులో పెడతారు. చదవనివాళ్లుంటే ఒక మధ్యాహ్నం చాలు.

అఫ్జల్‌గంజ్_వాలా
ఆదివారం, మధ్యాహ్నం 2:20

మాష్టర్ సాబ్, ఇప్పుడే ఆబిడ్స్ నుంచి వస్తున్నా. కాశీమజిలీ కథలు రెండు సంపుటాలు దొరికాయి, పాతవి, అట్టకి పురికొస కుట్టు. ఒకదాని వెనకపేజీలో ఎవరో పెన్సిల్‌తో పాల లెక్క రాసుకున్నారు. అందులో గోపకుమారుడు కూడా మజిలీకొక కథ చెప్పకపోతే కాశీకి రానంటాడు కదా? మొదటి సబ్‌స్క్రైబర్ వాడే.

పాతపెట్టె_మాష్టారు
ఆదివారం, మధ్యాహ్నం 2:41

వాడే. మధిర సుబ్బన్న దీక్షితులు గారు మా ఊరివారు. మొత్తం పన్నెండు సంపుటాలు. మిగతా పదీ దొరికేదాకా మీరూ ఆబిడ్స్‌కి మజిలీలు చెయ్యాల్సిందే.

కంచుకోట_కాపలా
ఆదివారం, రాత్రి 8:55

ఎక్కడ మొదలుపెట్టాం, ఎక్కడికొచ్చాం! మా ఆవిడ ఇందాక ఫోన్ లాక్కుని మొత్తం చదివింది. సోదమ్మ పోస్టు దగ్గర కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘రాకాసిలోయ’ ఎక్కడుంది అని అడిగింది. ప్రస్తుతం బ్రహ్మదండి మాంత్రికుడు ఆవిడ దగ్గరున్నాడు. నాకు పుస్తకం లేదు.

డ్రాగన్‌దొర
బుధవారం, రాత్రి 11:26

రిలీజ్ అయింది. కళాపూర్ణోదయం వచనంలో తెప్పించుకుని కంపెనీ బస్సులో చదువుతున్నా. కొండాపూర్ నుంచి ఆఫీసుకి గంటన్నర, ఈ విషయంలో ట్రాఫిక్‌కి థ్యాంక్స్. మాష్టారూ, మూడో ఆశ్వాసం దగ్గరున్నా. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నా, ఎవరు ఎవరికి చెప్తున్నారో. పక్క సీటు ఆయన నేను తాళం వేస్తున్నాననుకుంటున్నాడు.

ఎవరూ ముందు కథ చెప్పొద్దు, ప్లీజ్.

పాతపెట్టె_మాష్టారు
గురువారం, ఉదయం 5:10

చెప్పం నాయనా. అది చెప్పకూడని కథ అని ఆ పుస్తకంలోనే ఉంది. ఇంకాస్త ముందుకెళ్లు.